మిక్సింగ్ బల్ల దగ్గర

మా ఆయన పెళ్ళిళ్ళకి వీడియో మిక్సింగ్ చేసేవారు. ఏలూరులో మాకో చిన్న స్టూడియో ఉండేది. మండపంలో తిరిగే కెమెరాల వైర్లన్నీ ఒక బల్ల దగ్గరికి వచ్చేవి. ఏ క్షణాన ఏ కెమెరా బొమ్మ పెద్ద తెర మీదకి వెళ్ళాలో ఆ బల్ల ముందు కూర్చున్న ఆయన నిర్ణయించేవారు. మీటల పెట్టె మీద రెండు చేతులూ ఆడుతూ ఉండేవి. నోటి దగ్గర మైకు పెట్టుకుని కెమెరామన్లతో మెల్లగా మాట్లాడుతుండేవారు. నేను ఇంట్లో కంప్యూటర్ మీద వీడియోలో వేసే పేర్లూ, ఫోటోల ఆల్బమ్‌లూ తయారుచేసేదాన్ని.

ఒక చలికాలం పొద్దున్న పళ్ళు తోముకుంటూ ఆయన బ్రష్ జారవిడిచారు. వంగి తీసుకోబోయి అలాగే కూలబడ్డారు. కుడి పక్క పడిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక నడక కొంచెం కొంచెంగా వచ్చింది గానీ చెయ్యి రాలేదు. మాట ముద్దగా వచ్చేది. అది నాకొక్కదానికే అర్థమయ్యేది.

ఇక ఈ పని వద్దు అన్నారు మా అత్తగారు. ఆయన ఒప్పుకోలేదు. కంప్యూటర్ మీదే మిక్సింగ్ చేసే సాఫ్ట్‌వేర్లు అప్పుడప్పుడే మా వైపు వస్తున్నాయి. ఎడం చేత్తో కీబోర్డు నొక్కగలను కదా అని ఆయన వాదన. నేనే విజయవాడ వెళ్ళి, తెలిసిన షాపులో అడిగి సీడీలు తెచ్చాను.

ఆయన మనసు ఒకదాని మీద పడింది. అందులో గులాబీ రేకులు రాలేవి, ఒక బొమ్మ కాగితంలా మడత పడితే వెనక నుంచి ఇంకో బొమ్మ వచ్చేది. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు. నాకు మాత్రం అది నచ్చలేదు. తెరుచుకోవడానికి చాలాసేపు పట్టేది, ప్రతి పెళ్ళికీ అన్నీ మొదటినుంచీ అమర్చుకోవలసి వచ్చేది. ఆ నవ్వు చూసి సరేనన్నాను.

తాడేపల్లిగూడెంలో ఒక పెళ్ళికి దాన్నే పట్టుకెళ్ళాం. సరిగ్గా జీలకర్రా బెల్లం పెట్టే వేళకి తెర మీద బొమ్మ ఆగిపోయింది. రేకులు సగం రాలి గాల్లో నిలబడిపోయాయి. ఆయన ఎడం చేత్తో ఏవేవో నొక్కుతున్నారు. నేను వైరు పీకి ఒక కెమెరాని నేరుగా ప్రొజెక్టర్‌కి తగిలించాను. అప్పటికి ముహూర్తం దాటిపోయింది. ఎవరూ తిట్టలేదు. పెళ్ళికూతురి తండ్రి బల్ల దగ్గరికొచ్చి, "ఒంట్లో ఎలా ఉందండీ ఇప్పుడు?" అని అడిగి వెళ్ళారు. రైల్లో ఇంటికి వస్తున్నంతసేపూ ఆయన కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు.

తర్వాత మిగిలిన సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటే ఇంట్లో పరీక్ష పెట్టాను. పని మధ్యలో కావాలని కరెంటు తీసేసి, మళ్ళీ ఎంతసేపట్లో లేస్తుందో చూశాను. ఎండాకాలం ఫ్యాను కట్టేసి సాయంత్రం దాకా నడిపించాను. చివరికి ఒకటి నిలబడింది. ఒక కెమెరాకి ఒక మీట, అన్నీ ఎడం చేతి కిందే. ముందు పెళ్ళికి అమర్చింది తర్వాతి పెళ్ళికి అలాగే తెరుచుకునేది. ఒక బొమ్మ తీసి ఇంకోటి పెట్టడం, లేదా మెల్లగా ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి కరిగించడం. దానికి వచ్చింది అంతే.

"పువ్వుల్లేవు," అన్నారాయన.

"ఆగిపోదండీ," అన్నాను.

అప్పటినుంచి ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఆయన నాకు చెప్పేవారు, నేను మైకులో కెమెరామన్లకి చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి వాళ్ళు నా గొంతుకి అలవాటు పడ్డారు.

కొల్లేటి సరస్సులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన మరుసటి ఏడాది, అక్కడో లంక ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాం. పగటి ముహూర్తం. పందిట్లో రెండు టీవీలు పెట్టాం. పెళ్ళికూతురికి తండ్రి లేడు. బాబాయీ పిన్నీ పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. తలంబ్రాలకి ముందు ఆయన నా చెయ్యి నొక్కి, "అమ్మ... అమ్మని" అన్నారు. ఎవరా అని చూశాను. వంటల పాక గుంజ పక్కన, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెడ చాపి చూస్తోందొకావిడ. కెమెరా అటు తిప్పమన్నాను. ఆయన మీట నొక్కారు. పెళ్ళికూతురి మొహం మెల్లగా కరిగి ఆ తల్లి మొహం టీవీలో నిలిచింది.

పెళ్ళికూతురు తలెత్తి టీవీ చూసింది. "మా అమ్మని పిలవండి బాబాయ్," అంది. పెద్దవాళ్ళెవరో గొణిగారు. బాబాయి తానే లేచి పాక దగ్గరికి వెళ్ళి వదినగారిని తీసుకొచ్చాడు. ఆవిడ అక్షింతలు వేస్తున్నంతసేపూ మా ఆయన బొమ్మ మార్చలేదు.

ఆవిణ్ణి మీరెలా చూశారండీ అని వ్యాన్లో అడిగాను. అందరూ టీవీ చూస్తుంటే తను జనాన్ని చూస్తానని, ఆగి ఆగి చెప్పారు.

ఆ వానాకాలంలో ఆయనకి పక్షవాతం మళ్ళీ వచ్చింది. ఈసారి ఆసుపత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

భీమడోలులో ఒక పెళ్ళి ఆయన ఉండగా ఒప్పుకున్నది. నేను వెళ్ళాను. బల్ల వేసి వైర్లు తగిలిస్తుంటే ఒక పెద్దాయన వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఏవండీ, ఏమీ అనుకోకండి. శుభకార్యం కదా, ఆడపెళ్ళివారు చూస్తున్నారు. మీ బల్ల కొంచెం గోడ వెనక్కి వేసుకుంటారా?" అన్నారు. ఎంతో మర్యాదగానే అన్నారు. వైర్లు పొడుగైనవి మార్చి బల్ల వెనక్కి వేసుకున్నాను. అక్కణ్ణుంచి నాకు మండపం కనపడదు, జనం కనపడరు. కెమెరాలు చూపించిందే చూసి, మీటలు నొక్కాను. ఎక్కడా ఆగలేదు. చాలా బాగా వచ్చిందని అన్నారు.

ఇంకొన్నాళ్ళు ఆ పని చేశాను. మైకు చేతిలోకి తీసుకున్నాక, చెప్పబోయే ముందు, పక్కన ఆయన మాట కోసం అన్నట్టు ఒక క్షణం ఆగిపోయేదాన్ని. కెమెరామన్లు ఎప్పుడూ తొందరపెట్టలేదు.