భుజం విరిచే తుపాకీ

ఫర్వానియాలో బస్సెక్కాను. పక్క సీటాయన చొక్కా మీద తుపాకీ బొమ్మ ఉంది. అడిగితే, మిర్కాబ్‌లో వేట తుపాకుల కొట్లో పనట, మాలాగే కోనసీమట.

నాకు వీసా ఇచ్చి వంటకి పెట్టుకున్న అరబ్బు కఫీల్ కొడుకు బాతుల వేటలో మా ఆయన్ని కాల్చి చంపాడు. రాలిన బాతుల్ని తెమ్మని నీళ్ళలోకి దింపిందీ వాడే. గురి తప్పింది, ఖలాస్ అన్నారు. ఇప్పుడు వాడు మొదటిసారి సొంత తుపాకీ కొనడానికి ఆ కొట్టుకే వెళ్తాడని ఇంటి యజమానురాలు మామా నోట విన్నాను. ఇదంతా ఆయనకి చెప్పి అడిగాను.

“తమ్ముడూ, వాడి భుజం విరిచే తుపాకీ ఉందా?”

“ఆయ్, ఉందక్కా. తేలిక తుపాకీలో పెద్ద తూటా వేస్తే గేదె తన్నినట్టు తంతాది.”

“అదే అంటగట్టు. నీ కాళ్ళు మొక్కుతా.”

ఆయన నవ్వలేదు. “ఆ తన్నుకి బెదిరి ఇంకా పక్కకి కాలుస్తాడక్కా. నీళ్ళలో బాతులేరేది మళ్ళీ మనోడేగా?” అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. అయినా, “సరే, తన్నకుండా బరువైందే ఇయ్యి” అన్నాను.

వాడి చెయ్యి పడిపోవాలని ఇప్పటికీ రోజూ మొక్కుతాను. కాకపోతే, చేతిలో తుపాకీ లేనప్పుడు పడిపోవాలని మొక్కుతాను.