కమాన్ గోడ మీద మా అక్క

మున్సిపాలిటీలో నా మాట విన్నవాళ్లు ఇప్పటిదాకా ఎవరూ లేరు. ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో చెప్పాను. ఇంజనీరుకు చెప్పాను. ఆయన కూర్చోమని కూడా అనకుండా ఫోను చూసుకుంటూ విన్నాడు. అది నేను మరచిపోను. అందుకే అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

దయ్యాలను ఏనాడూ నమ్మినవాణ్ణి కాదు. బోధన్‌లో చెరకు బండ్లు తూచే కాటా దగ్గర పనిచేశాను. ముల్లు చూపిందే రాశాను, ఎవరు చెప్పిందీ రాయలేదు.

నిజామాబాద్ పాతబస్తీలో పాత రాతి ద్వారం, కమాన్‌కు ఎదురుగా మా ఇల్లు. మా అక్క తన పెళ్లి మాట ఎత్తనీయకుండా బీడీలు చుట్టి నన్ను పెంచింది. పొద్దుగూకితే ఒళ్లో చాట పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. వెనక మా గోడకు కిందుగా బిగించిన పసుపుపచ్చ వీధిదీపం ఉండేది. లోపలికి రమ్మంటే, "సర్కారు దీపముండంగ ఇంట్ల బల్బు దండుగ తమ్మీ" అనేది. ఆమె నీడ గల్లీ దాటి కమాన్ గోడ మీద పడేది.

పోయిన వానాకాలం అక్క చనిపోయింది. దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లాక, ఒక సాయంత్రం దీపం వెలిగింది. అరుగు ఖాళీగా ఉంది. కమాన్ గోడ మీద అక్క నీడ ఉంది. వంచిన తల, ఒళ్లో చాట, ఆకు చుట్టేటప్పుడు ఊగే భుజాలు.

లేచి దీపానికి అడ్డం నిలబడ్డాను. నా నీడ పడింది. ఆమెది చెరగలేదు. ఆమె కూర్చునే చోటు పక్కన కూర్చున్నాను. గోడ మీద ఇద్దరం పక్కపక్కన ఉన్నాం.

అక్కతో కలిసి బీడీలు చుట్టిన పొరుగింటి రాజవ్వను పిలిచి, ఏమీ చెప్పకుండా గోడ చూపించాను. చాలాసేపు చూసింది. "మీ అక్కనే. పని ఇంకా ఒడవలే ఆమెకు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పటినుంచి సాయంత్రాలు అక్క పక్కనే కూర్చుని అన్నం తినేవాణ్ణి.

తర్వాత పాతబస్తీకి రాత్రిపూట అందం తెస్తామని కమాన్‌కు రంగుల లైట్లు పెట్టారు. కింది నుంచి గోడంతా ఊదా, ఆకుపచ్చ. మా దీపం వల్ల రంగులు తేలిపోతున్నాయని దాన్ని విప్పుకుపోయారు. ప్రారంభం రోజు, ఎదురింటివాణ్ణయిన నన్ను తాడు అవతల నిలబెట్టారు. లైట్లు వెలిగాయి. జనం ఫోటోలు దిగారు. గోడ మీద అక్క లేదు.

కరెంటు పోయి రంగులు ఆరినప్పుడు చూశాను. అదే చోట ఇన్వర్టర్ మీద పసుపు బల్బు పెట్టి చూశాను. నా నీడ ఒక్కటే పడింది.

మా దీపం మాకు తిరిగి పెట్టమంటే ఇంజనీరు నవ్వాడు. "ఊరూరోళ్లు వచ్చి చూసి పోతున్నరు పెద్దమనిషీ. నీకు నీడ గావాల్నా?"

అదే కావాలన్నాను.

పాత దీపాలు బాగానే ఉన్నాయని మండలాలకు పంపారట. వర్నికో సిరికొండకో విప్పినవాళ్లకే తెలియదు. వర్ని పోయి ప్రతి దీపం కిందా నిలబడి చూసి వచ్చాను, అక్క నీడ ఎక్కడా లేదు.

ఇదేమిటో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. అర్థం చెప్పమని ఎవరినీ అడగడం లేదు. అక్క మా గల్లీ దాటి ఏనాడూ పనికి కూర్చోలేదు. ఇప్పుడు తెలియని ఊళ్లో, ఎవరి గోడ మీదో ఒక్కతే కూర్చుని ఉందేమో. ఆ దీపం ఏ ఊళ్లో, ఏ స్తంభానికి బిగించారో తెలిసినవాళ్లు జవాబు చెప్పండి.