మెత్తనివి గిట్టని ఎగ్యా బోట్వే

మా రేవుపేటలో ఎగ్యా బోట్వేకు మెత్తనిదేదీ గిట్టదు. తలగడ గిట్టదు, పరుపు గిట్టదు, పండిన అరటిపండు గిట్టదు, తీపి మాట అసలే గిట్టదు. ఊరంతా లొట్టలేసుకుంటూ తినే, ఉడికిన కర్రపెండలం దంచి చేసే ఫూఫూ ముద్దను పళ్ళు రానివాళ్ళకో, పళ్ళూడినవాళ్ళకో వదిలేయాలంటాడు. మనుషుల్లో ఆయనకు రెండే రకాలు: బొమిక, మెత్తన. కష్టానికి నిలబడినవాడు బొమిక. ఏడ్చేవాడూ, బతిమాలేవాడూ, పగలు ఆవలించేవాడూ మెత్తన. మా పాదిరిగారిని ఆయన ఎటూ తేల్చలేక చాలాకాలం ఇబ్బంది పడ్డాడు.

విరిగిన ఎముకలు కట్టడం ఆయన వృత్తి, తండ్రి దగ్గర నేర్చుకున్నది. అందుకని మనిషి ఎదురుపడితే మొహం చూడడు. "అరబా, నీ ఎడమ మోకాలి చిప్ప కులాసానా?" అంటాడు నన్ను. చిప్ప కులాసాగా ఉందంటే చాలు, మిగతా నేను ఏమైపోయినా ఆయనకు పట్టదు. మా పెద్దమ్మాయి పెళ్ళిలో అల్లుణ్ణి గట్టిగా కౌగిలించుకున్నాడు. ముసలాయనకు ఇంత ప్రేమ ఉందా అని మేమంతా మురిసిపోతున్నాం. ఆయన పిల్లాడి వీపు మీద వెన్నుపూసలు మెడ నుంచి నడుం దాకా తడిమి చూసి, "వరుస బాగానే ఉంది, పిల్లనివ్వచ్చు" అని తేల్చి కూర్చున్నాడు.

ఆయన వాకిలికి ఎదురుగానే నేను చేపలు పొగబెట్టే మట్టిపొయ్యిలు. నా చదువు మూడో తరగతిలో ఆగిపోయింది గానీ, చూసే కళ్ళకు తరగతులేమిటి. ఆయనింటికి ఎవరొచ్చారు, కాలా చెయ్యా, చెట్టు మీంచి పడ్డారా పెళ్ళాం తోసిందా, అంతా పొయ్యి దగ్గర కూర్చునే తెలుసుకునేదాన్ని. తెలియకుండా పోయింది ఒక్కటే. అది ఆ మూసిన తలుపు వెనక జరిగేది.

ఎముక కట్టించుకోవాలంటే రోగి తన వెంట ఒక కోడిని తెచ్చుకోవాలి. మనిషికి ఏ ఎముక విరిగిందో కోడికీ ఆ ఎముకే విరగ్గొట్టి, ఇద్దరికీ ఒకే ఆకుపసరు పూసి, ఒకేరకం బద్దలు పెట్టి కట్టాలి. కోడి నడిచిన రోజున మనిషి కట్టు విప్పుకుని నడవాలి. తాతల నాటి నుంచీ మాకు ఇదే పద్ధతి. కోడి లేకుండా ఎముక అతుకుతుందంటే మా పేటలో చంటిపిల్లలు కూడా నవ్వుతారు. చర్మం చీల్చుకుని ఎముక బయటికొస్తే అది తన పని కాదని బోట్వే ఆ మనిషిని లారీ ఎక్కించి ఆసుపత్రికి పంపేవాడు. మేము పక్కన కోడిని కూడా ఎక్కించేవాళ్ళం. ఆసుపత్రివాళ్ళు కోడిని ఎందుకు చేర్చుకోరో నాకు ఇప్పటికీ తెలియదు.

విరగ్గొట్టే పని మాత్రం ఆయన ఎవరినీ చూడనిచ్చేవాడు కాదు. కోడిని తలకిందులుగా పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టేవాడు. కోడి కెవ్వుమనేది. కాసేపటికి టక్ మని చప్పుడు. బయట కూర్చున్న వాళ్ళందరం ఎవరి పిక్క వాళ్ళం పట్టుకునేవాళ్ళం. అప్పుడు తలుపు తెరుచుకునేది. ఆయన చేతులు దులుపుకుంటూ గడప మీద నిలబడి, "ఏం చూస్తారు, నాకు జాలి లేదు. జాలి మెత్తన" అనేవాడు. ఒక్కసారి లోపలికి రానిమ్మని నేను అడిగాను. నా రెండు కళ్ళకూ బద్దలు కడతానన్నాడు.

చెయ్యి విరిగితే కోడికి రెక్క కట్టేవాడు. దవడ విరిగిన మనిషి వచ్చిన రోజున, కోడికి ఎలా కడతాడో చూద్దామని పేటంతా పని మానుకుని కూర్చున్నాం. ముక్కుకు చిన్న గుడ్డపీలిక చుట్టి బయటికి వదిలాడు. ఆ కోడి పీలికతోనే తిన్నగా మా ఇంటికొచ్చి నేను ఆరబెట్టిన మొక్కజొన్న సగం తినేసింది. విరిగిన దవడతో అంత తిండి ఎలా సాధ్యమని నేనంటే, దానిది బొమిక జాతి అన్నాడు.

ఇంకోటి. చావు ఇంట్లో గానీ పెళ్ళి ఇంట్లో గానీ మాంసం పక్కవాడి పళ్ళెంలోకి తోసేసి తను బొమికలే నమిలేవాడు. మేకదైతే పొడి పొడి చేసేవాడు. కోడి పులుసు పెడితే మాత్రం పళ్ళెం తిప్పి పంపేసేవాడు. "కోడి బొమిక కూడా ఒక బొమికేనా? నమలాలంటే నాకు సిగ్గు" అనేవాడు. రోగుల కోళ్ళు ఆయనకే చెందాలి, అది కూలి. ఆయన వాకిట్లో ఉండే కోళ్ళేమో నడవలేనంత ముసలివి. దూరపు సంతలో అమ్మడానికి ఉంచానంటాడు. ఆ సంతకు ఆయన పోగా నేనెప్పుడూ చూడలేదు, అక్కడ నాకు పొగచేపల బల్ల ఉంది మరి.

అలా ఉండగా ఎబో కాలు విరిగింది.

మా పేటంతా రెండు దళాలు, ఎబో మా రెండో దళానికి జెండా ఆడేవాడు. పండగ రోజున రెండు దళాలూ డప్పులతో రేవుకు దిగుతాయి, ఒక్కో దళానికీ ఒక్కో ఆటగాడు జెండాను ఒంటి చుట్టూ, కాళ్ళ కిందుగా, నెత్తి మీదుగా నేల తగలకుండా తిప్పుతూ ఆడతాడు. జెండా ఆడని దళం తలవంచినట్టే లెక్క, మళ్ళీ పండగ దాకా ఒకటో దళంవాళ్ళ నోళ్ళకు మేత. పండగ దగ్గర పడ్డాక, పడవను ఒడ్డుకు లాగుతుంటే కింద దొర్లే దుంగ ఎగిరొచ్చి ఎబో పిక్క ముందు ఎముకను విరిచింది. వాడి వెంట నల్లచుక్కల పెట్టను తెచ్చారు. బోట్వే తలుపు మూశాడు. కెవ్వు, టక్. మేము పిక్కలు పట్టుకున్నాం.

"ఈ పండగకు ఎబో జెండా ఆడడు" అని బోట్వే మొదటి రోజే చెప్పేశాడు. ఎవరూ వినలేదు. కోడి ఏం చెబుతుందో చూద్దాం అన్నారు. ఒకటో దళం పిల్లలు అప్పుడే మా జెండాను ఆరేసిన గుడ్డ అని పాట కట్టేశారు. పాపం ఎబో బోట్వే ఇంట్లో మంచం మీంచే ఆ పెట్టను తదేకంగా చూస్తూ పడుకునేవాడు, పెళ్ళాం వచ్చినా తల తిప్పకుండా.

పండగ ముందు రోజు పొద్దున నా మేక బోట్వే వాకిట్లోకి వెళ్ళింది. నేను పంపలేదు, అది వెళ్ళింది. పెట్ట కాలికి కట్టిన ఈతనార కట్టును గడ్డి అనుకుని నమిలేసింది. బద్దలు రెండూ జారిపోయాయి. పెట్ట ఒళ్ళు విదిల్చుకుని లేచి, రెండు కాళ్ళ మీదా పరుగందుకుంది. ఏమి పరుగు అది. చేపల తట్టల మీదుగా, వలల మధ్యగా, డప్పులు బిగిస్తున్న మా దళం మగవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి రేవు చివరి దాకా పోయి మళ్ళీ తిరిగొచ్చింది.

కోడి నడిచిందన్న కబురుతో పేట దద్దరిల్లింది. మా దళం పెద్ద అమిసా జెండా భుజాన వేసుకుని ముందు నడిచాడు, వెనక డప్పులు, ఆ వెనక మేము. బోట్వే వాకిట్లో గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. చేతిలో తను పడుకునే చెక్క బల్ల ఉంది, డాలులాగా.

కట్టు విప్పమన్నాడు అమిసా. విప్పనన్నాడు బోట్వే. పద్ధతి ప్రకారం విప్పాల్సిందే అన్నాడు అమిసా. ఆ పెట్టకు బుద్ధి లేదని, దానికి తొందరెక్కువని, నొప్పి తెలియని మొండిరకమని బోట్వే ఏవేవో చెప్పాడు. అది ఆయన వెనకే నిలబడి, విరిగిందన్న కాలితోనే మట్టి గీరుతోంది.

"మీ నాన్న అయితే ఈపాటికి విప్పేవాడు" అన్నాడు అమిసా.

"మా నాన్న లేడు. నేనున్నాను. నన్ను దాటి రా."

దాటాల్సిన పని లేకపోయింది. లోపల ఎబో లేచి కూర్చుని, తనే బద్దల ముడులు లాగేస్తున్నాడు. మంచి కాలు కింద పెట్టేశాడు. రెండోది కూడా దింపి దాని మీద బరువు మోపితే, అతుకు పడీపడని ఎముక మళ్ళీ పుటుక్కుమంటుంది, ఈసారి వంకరగా. ఇక జెండా కాదు గదా, పడవలోకి ఎక్కే ఆశ కూడా ఉండదు. బోట్వే అది చూశాడు. చేతిలోని బల్ల కింద పడేశాడు.

"దిగకురా ఎబో. దాని కాలు విరగలేదు" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"విరగలేదంటే నేను విరగ్గొట్టలేదు. దీనిదే కాదు. ఏ కోడిదీ, ఏనాడూ."

డప్పులవాళ్ళు చేతులు దించేశారు. ఇన్నేళ్ళుగా పట్టుకున్న నా పిక్క ఒక్కసారి గుర్తొచ్చింది నాకు. "మరి ఆ టక్కు?" అని అడిగాను. అడగకుండా నేను ఉండగలనా.

ఆయన ఎబో మంచం కిందికి వంగి ఎండిన కర్రపెండలం పుల్లల మోపు ఒకటి బయటికి లాగాడు. ఒక పుల్ల తీసి విరిచాడు. టక్. తెలిసి తెలిసి వాకిట్లో ఉన్న వాళ్ళందరం వంగి పిక్కలు పట్టుకున్నాం, అమిసాతో సహా.

"కోడి అరుపో?"

"నిన్ను తలకిందులుగా పట్టుకుంటే నువ్వు పాట పాడతావా అరబా?"

అమిసాకు కోపం ముంచుకొచ్చింది. జెండా కర్ర నేలకేసి కొట్టాడు. "ఇన్నేళ్ళూ మమ్మల్ని మోసం చేశావన్నమాట. నాకు తుంటి కట్టావు. మా నాన్నకు కాలు కట్టావు."

"చేశాను" అన్నాడు బోట్వే. ఇసుమంత కూడా తగ్గలేదు. "ఆ కాళ్ళ మీదే నడిచొచ్చి నిలదీస్తున్నావు. నీ తుంటి కోడి ఇంకా బతికే ఉంది, అదిగో, గోడ పక్కన. మీ నాన్నది ముసలిదై పోయినేడు పోయింది. కావాలంటే పూడ్చిన చోటు చూపిస్తా."

అందరం గోడ పక్కకు చూశాం. అక్కడ ఒక ముసలిపెట్ట ఎండలో కునుకుతోంది. అమిసా చెయ్యి తనకు తెలియకుండానే తుంటి మీదికి పోయింది.

"మీరు వలలోళ్ళు. మంచం మీద పడుకోమంటే నా మాట వింటారా?" అన్నాడు బోట్వే. "నాతో తగువేసుకుంటారు, నన్ను ముసలాడా అంటారు. కోడితో తగువేసుకున్నవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. చేత్తో తడిమి, మీ ఎముక అతికిందని తెలిశాకే కోడి కట్టు విప్పేవాణ్ణి. మీరు కోడిని చూసి లేచేవాళ్ళు. ఇందులో దాని కాలు విరగ్గొట్టాల్సిన పనేముంది? అదేమన్నా దుంగ కింద పడిందా?"

నేను అన్నాను, గట్టిగానే: "అయితే ఈ పేటలోకల్లా మెత్తన నువ్వే."

ఆయన మొదటిసారి నా మోకాలి చిప్పను కాదు, మొహాన్ని చూశాడు. "అది మెత్తన కాదు. కోడి బొమిక సన్నం. దాన్ని విరగ్గొట్టడంలో నాకేం గొప్ప?" అన్నాడు. కానీ కాళ్ళ దగ్గరికొచ్చిన పెట్టను తొక్కకుండా పక్కకు జరిగాడు.

ఎబో కాలు పైకి తీసుకున్నాడు గానీ కళ్ళు నిండిపోయాయి. "మరి జెండా పెద్దయ్యా? రేపు వాళ్ళ ముందు చుట్టిపెట్టుకుని నిలబడాలా మేము?"

"మెత్తన ఏడుపు ఏడవకు. జెండాను కాళ్ళతో పట్టుకుంటావుట్రా?"

వాకిట్లో కింద పడి ఉన్న చెక్క బల్లను ఆయన కాలితో మా ముందుకు తోశాడు.

మర్నాడు రేవులో ఒకటో దళంవాళ్ళు మా జెండా కోసం చూస్తూ ముందే నవ్వడం మొదలుపెట్టారు. మేము దిగాం. నలుగురు మోతగాళ్ళ భుజాల మీద బోట్వే బల్ల, బల్ల మీద కాలు చాపుకుని ఎబో, వాడి చేతుల్లో జెండా. తలచుట్టూ తిప్పాడు, వీపు వెనక తిప్పాడు, పక్కటెముకలన్నీ లెక్కపెట్టొచ్చన్నట్టు నడుం విరిచి బల్ల కింద దాకా వేలాడదీసి, ఇసుక తగలకుండా మళ్ళీ పైకి లాగాడు. వాళ్ళ ఆటగాడు నేల మీద ఎంత ఎగిరినా మా జెండాకు కిందే ఉన్నాడు. "మీ వాడికి కాళ్ళు లేవు" అని అరిచారు వాళ్ళు. "మీ వాడికి ఎత్తు లేదు" అని అరిచాం మేము. నా గొంతు మూడురోజుల దాకా తిరిగి రాలేదు. బోట్వే జనం మధ్య నిలబడి ఆటను కాదు, ఎబో కాలి కట్టునే చూస్తున్నాడు. ఆయన చంకలో నల్లచుక్కల పెట్ట ఉంది, కాలికి కొత్త బద్దలతో.

ఎబో అతుకు గట్టిపడి నడిచాక మా దళం కొత్త జెండా కుట్టించింది: ఎర్రగుడ్డ మీద కట్టుతో పరుగెత్తే కోడి. తెచ్చి చూపిస్తే ఆయన దగ్గరగా పట్టుకుని చూసి, కోడికి తొడ ఎముక రెండంగుళాలు ఎక్కువ కుట్టారని గొణిగి లోపలికి పోయాడు. జెండా మాత్రం వెనక్కి ఇవ్వడం మరిచిపోయాడు, మేమే వెళ్ళి తెచ్చుకోవాల్సొచ్చింది.

ఇక కోడి పద్ధతి పోతుందనుకున్నాను. మొన్న ఒకటో దళం పెద్దే కాలు విరగ్గొట్టుకుని, పుంజును చంకన పెట్టించుకుని మరీ వచ్చాడు. ఆయనకూ అంతా తెలుసు, తెలియనిదెవరికి? బోట్వే పుంజును తలకిందులుగా పట్టుకుని లోపలికి వెళ్ళాడు, గడియ పెట్టాడు. కెవ్వు. టక్. మేమంతా పిక్కలు పట్టుకుని, "అయ్యో" అన్నాం. తలుపు తెరుచుకుంది. "ఏం చూస్తారు, నాకు జాలి లేదు" అన్నాడు బోట్వే.

బద్దలు కట్టిన పుంజు ఆయన కాళ్ళ మధ్య నుంచి బయటికొచ్చి, ఆ కాలితోనే నేల గీరి ఒక గింజ ఏరుకుంది. ఒకటో దళం పెద్ద మర్యాదగా ఆకాశం వైపు తల తిప్పుకున్నాడు.

"పాపం" అన్నాడు, "ఎంత బాధపడుతోందో."