రెండో ప్లేటు వచ్చేదాకా

2005 మార్చిలో అబూధాబీ నుంచి దుబాయ్ వెళ్లే బస్సులో ఒకావిడ పక్కన కూర్చున్నాను. ముందు వరుసలు ఆడవాళ్లవి కాబట్టి మావారు వెనక ఎక్కడో ఉన్నారు. ఆమె నెల్లూరు ముస్లింల ఆడపడుచు. భర్త ఉద్యోగం వల్ల రోమ్‌లో నాలుగేళ్లు కాపురం చేసిందట. మేమూ మర్నాడు అక్కడికే వెళ్తున్నామని, మాంసం భయంతో ఎనిమిది రోజులకీ సరిపడా పులిహోర పొడి, అటుకులు కట్టుకున్నానని చెప్పాను. మావారికి మాత్రం ఒక్కసారైనా నాతో అక్కడి హోటల్లో కూర్చుని తినాలని ఉంది.

"రోమ్ పోయి అటుకులు తింటారా పెద్దమ్మా!" అని పకపకా నవ్వింది. "మాంసం వద్దని ముందే చెప్పండి, చేసిపెడతారు. వంటకాల బొమ్మలు చూపించి వీధిలో పిలిచే హోటళ్లకి పోబాకండి. కాఫీ నిలబడి తాగితే చవక. కూర్చున్నందుకు కూడా బిల్లులో వేస్తారు, పోట్లాడబాకండి."

"ఆయన తిన్నాక నేను తింటాలే," అన్నాను. ఇంట్లో మా పద్ధతి అదే.

ఆమె నవ్వు ఆపి నా చేతిమీద చెయ్యి వేసింది. "అక్కడ వడ్డించే పని మీకు లేదు పెద్దమ్మా. ఇద్దరి ప్లేట్లూ వచ్చినాకే మొదలుపెట్టాల. ఖలాస్, అంతే."

దుబాయ్‌లో దిగి, తానుండే సత్వా పేట వైపు వెళ్లిపోయింది. అన్నీ రాసిపెట్టుకునే నేను ఆమె పేరు మాత్రం అడగలేదు.

రోమ్‌లో మావారి ప్లేటు ముందు వచ్చింది. ఆమె మాట ఆయనకు చెప్పాను. వేడి చల్లారుతున్నా, నాది వచ్చేదాకా ఆయన ఫోర్కు ముట్టలేదు.

ఇంటికి తిరిగొచ్చిన మొదటి రోజు, అలవాటుగా ఆయనకు వడ్డించి పక్కన నిలబడ్డాను. ఆయన అన్నం కలపలేదు.

"నీ కంచం ఏదీ?" అన్నారు.