తీసేసిన చీటీల బుట్ట

అయ్యవారు పోయారని కమలాపురం నుంచి ఆయన అల్లుడు రాసిన కార్డు మొన్న చేతికందింది. మూడే వాక్యాలు. 

బడి నుంచి రిటైరయ్యాక ఆయన మా నేతపేటలో నూలు కార్డుల జాబితా రాశారు. నేను ఆయన పక్కన రాతగాణ్ణి. కరువు రోజులు, కార్డు లేకుంటే నూలు దొరకదు, మగ్గానికొక కార్డే ఇస్తారు. జనం ఊరుకుంటారా? ఒకే మగ్గానికి ‘ఓబులేసు’ అని ఒక చీటీ, ‘ఓబులేసు తమ్ముడు’ అని ఒకటి, ‘ఓబులేసు పెండ్లాం’ అని ఇంకొకటి. చుట్టుపక్కల ఊళ్ల చీటీలన్నీ గోనెసంచుల్లో వచ్చిపడ్డాయి. ఒక చీటీలోని పేరు మొత్తం ఇంకో చీటీలో కనబడితే, ఆ పొడుగు పేరున్న చీటీని తీసెయ్యాలి.

నేను ఒక చీటీ పట్టుకొని తక్కినవన్నీ తిరగేస్తుంటే అయ్యవారు నవ్వారు.

“ఏమప్పా, ఇట్ల చూస్కుంటా పోతే మన ఇద్దరి ఆయుస్సూ చాలదు. ముందు పొట్టి పేర్లు అక్షరాల వారీగా గూళ్లలో పెట్టు. పొడుగు పేరొస్తే మాటలుగా విడగొట్టు. ఒక్కో మాటకు దాని గూడు ఒక్కటే చూడు.”

నెల పట్టే పని వారంలో తేలింది. కానీ తీసేసిన చీటీలను ఆయన పారెయ్యనివ్వలేదు. బుట్టలో వేసుకొని ఇల్లిల్లూ తిరిగేవారు.

“బుట్టలో ఏసినంత మాత్రాన అబద్ధపు చీటీ కాదప్పా. ఇంటికి పోయి అడగల్ల.”

అడిగితే కొందరు ఆడవాళ్లకు నిజంగానే సొంత మగ్గం ఉండేది. “నా పేరెందుకు సార్, ఆయప్ప పేరే రాసుకోండి” అని సిగ్గుపడేవారు. “మగ్గం నేసేది నువ్వు గదమ్మా” అని ఆమె పేరు అడిగి, చీటీ వెనక ఎర్రసిరాతో రాసి మళ్లీ జాబితాలో చేర్చేవారు.

ఒకరోజు ఆయనకు జ్వరం. బుట్ట నాకిచ్చారు. ఎండ మండిపోతోంది. చివరి వీధిలో ‘సుబ్బన్న పెండ్లాం’ అనే చీటీ ఒక్కటే మిగిలింది. సుబ్బన్న చీటీ ఎలాగూ గూట్లో ఉంది కదా అని, ఆ ఇంటికి పోకుండానే వెనక్కి వచ్చాను. “అడిగినాను సార్, ఒకటే మగ్గం” అన్నాను. ఆయన నమ్మారు.

గూట్లో ఉన్నది వేరే సుబ్బన్న. ఈమె మొగుడు సుబ్బన్న అప్పటికే చనిపోయాడు.

కొన్నాళ్లకు నూలు పంచేవాళ్ల ద్వారా సంగతి తెలిసి మేమిద్దరం పరుగున పోయేసరికి తలుపుకు తాళం ఉంది. “నూలుకని రెండుమార్లు పోయొచ్చ సార్. లిస్టులో లేవన్నారంట. బిడ్డల్ని పిలుచుకొని యాడికో పాయ” అంది పక్కింటామె. పేరు అడిగితే ఆమెకూ తెలియదు.

“నా పద్ధతిలోనే తప్పుండాదప్పా. నువ్వు ఆ ఇంకో సుబ్బన్న ఇంట్లో అడిగింటావు” అన్నారు అయ్యవారు.  ఆ తర్వాత ఏటా ఒంటిమిట్ట తిరునాళ్లలో, దారిపక్క రాళ్లు కొట్టేవాళ్ల మధ్య ఆయన ఆమె కోసం వెతికారు. నేనూ వెంట ఉన్నాను. తప్పు పద్ధతిది కాదు సార్, నాది అని చెప్పడానికి ఇన్నేళ్లలో ఒక్కపూట దొరకలేదా నాకు?

కమలాపురం పోతే అయ్యవారి భార్య ఆ బుట్ట నా చేతికిచ్చింది. “నీకియ్యమన్యాడు నాయనా. ఇంక నువ్వు వెతుకుతావంట.”

లోపల ఒకే చీటీ. ముందువైపు ‘సుబ్బన్న పెండ్లాం’. వెనక్కి తిప్పాను. పేరు రాయడానికి ఎర్రసిరాతో గీసిన గీత ఉంది. దాని మీద ఏమీ లేదు.