ఆరు మీద గీత

ఆరు మీద గీత లేదు. ఇప్పటికీ అదే మాట అంటాను, ఎవరడిగినా, అడక్కపోయినా.

డెబ్భైల చివర్లో మా ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష. స్టెన్సిలు పెట్టి సైక్లోస్టైలు మిషను మీద తీసిన పేపరు, సిరా ఆరక చేతికంటుకునేది. అందులో 0.16ని భిన్నంగా రాయమన్నారు. రాశాను: వందలో పదహారు, అంటే 4/25. కింద ‘గీత లేదు కనుక’ అని కూడా రాశాను. కాస్త పొగరుందిలెండి నాకు. లెక్కల మేష్టారు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి సున్నా పెట్టారు.

ఆయన మనసులో ఉన్న సంఖ్య వేరు. 0.1666... అంటూ అంతూ పొంతూ లేకుండా ఆరు మళ్ళీ మళ్ళీ వచ్చే ఆవర్తిత దశాంశం. దాన్ని పొట్టిగా రాయాలంటే 0.16 రాసి, ఆరు నెత్తిన గీత గీయాలి. అప్పుడు జవాబు 1/6. ఆ గీత టైపు మిషను మీద పడదు. మైనపు స్టెన్సిలు కాగితం మీద అంకెలు కొట్టాక, ఇనప కలంతో చేత్తో గీసుకోవాలి. గీయడం మరిచిపోయారు.

మరిచిపోయారంటే సరిపోతుందా? ఆ రోజుల్లో తొమ్మిదిలోకి వెళ్ళేటప్పుడే పిల్లల్ని విడదీసేవారు. లెక్కలొచ్చినవాళ్ళకి కాంపోజిట్ లెక్కలు, మిగతావాళ్ళకి జనరల్. జనరల్లో పడ్డామంటే పాలిటెక్నిక్ మీద ఆశ వదులుకోవాల్సిందే. నాకేమో గాజువాక అవతల వస్తుందంటున్న ఉక్కు ఫ్యాక్టరీలో డ్రాయింగు బల్ల ముందు నిలబడాలని పిచ్చి. ఆ ఒక్క లెక్క మార్కులు కలిస్తే కాంపోజిట్‌లో ఉండేదాన్ని. మేష్టారి ప్రైవేటు పిల్లలందరూ 1/6 రాసి గట్టెక్కారు. గీత ఉందో లేదో వాళ్ళు చూడనేలేదు, ట్యూషన్లో ఆయన ఇంటి దగ్గర అదే లెక్క చేయించారు మరి! ఒళ్ళు మండిపోయింది నాకు.

మా అమ్మ హార్బరులో చేపలు కొని వీధుల్లో అమ్మేది. సంగతి వినగానే ఖాళీ తట్ట చంకన పెట్టుకుని, నన్ను రెక్క పట్టుకుని సరాసరి స్టాఫ్‌రూముకి లాక్కెళ్ళింది.

“ఏటి మేష్టారూ, గీత మీరెయ్యకుండా మా పిల్లది తప్పు సేసిందంతారేటి?”

మేష్టారు జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. లాగి అవతల పారేయాలనిపించింది ఆ రుమాలు.

“క్లాసులో చెప్పిన లెక్కే కదమ్మా. పిల్ల అర్థం చేసుకోవాల.”

“లేని గీతని ఎలాగ అర్థం సేసుకుంతాది బాబూ?”

దాంతో ఆయనకి రోషం వచ్చింది. నల్లబల్ల మీద 0.16 రాసి, ఈసారి ఆరు మీద బల్ల అదిరేలా గీత గీసి, “చెయ్యి చూద్దాం,” అని సుద్దముక్క నా చేతిలో పెట్టారు. చేశాను. ఆ సంఖ్యని వందతో హెచ్చిస్తే 16.666..., పదితో హెచ్చిస్తే 1.666... మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే ఆరుల తోకలు రెండూ ఎగిరిపోయి పదిహేను మిగులుతుంది. అంటే సంఖ్యకి తొంభై రెట్లు పదిహేను. సంఖ్య 1/6.

మేష్టారు బల్లకేసి చూసి, “కరెక్టే. కానీ సెక్షను నిండిపోయింది. ఇప్పుడు మార్చడం కుదరదమ్మా,” అన్నారు. ఎంత తేలిగ్గా అన్నారో!

“ఆడి నోట్లో మన్ను పడ!” అని అమ్మ దారి పొడుగునా తిడుతూనే ఉంది. నేను జనరల్లోనే చదివాను.

పది అయ్యాక టైపు నేర్చుకుని ద్వారకా నగర్‌లో, బస్ కాంప్లెక్సు దగ్గర, ఒక టైపింగు షాపులో చేరాను. బళ్ళ పరీక్ష పేపర్లకి స్టెన్సిళ్ళు కొట్టడం నా పని. లెక్కల పేపరొస్తే మటుకు ఎవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. ప్రతి గీతా మైనం చిరక్కుండా నేనే గీసేదాన్ని.

ఎనభైల్లో ఒక ఎండాకాలం మధ్యాహ్నం అదే మేష్టారు షాపుకొచ్చారు. జుట్టు నెరిసిపోయింది. ఎనిమిదో తరగతి లెక్కల పేపరు నా ముందు పెట్టారు. అందులో, భిన్నంగా రాయండి: 0.27. పైన ఏమీ లేదు.

“మేష్టారూ, గీత ఉందా, లేదా? ఉంటే రెండంకెల మీదా, ఏడు మీదేనా? మూడు రకాల జవాబులొస్తాయి.”

“అదేటమ్మా, నువ్వు కొట్టీ. పిల్లలకి తెలుసులే.”

“ఏ పిల్లలకి? మీ ప్రైవేటు పిల్లలకా?” నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. “మీరు గీసేదాకా ఈ కాయితం మిషనెక్కదు.”

పెన్ను ఆయన చేతిలో పెట్టాను. బిత్తరపోయి రెండంకెల మీదా గీశారు. ఇక ఆగలేకపోయాను. అమ్మ, తట్ట, రుమాలు, ఆరు, అన్నీ చెప్పేశాను.

“కరెక్టేనని మీ నోటితోనే అన్నారు కదా! అనీసి నన్ను జనరల్లో పడీసినారు!”

ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశారు.

“గుర్తు రావట్లేదమ్మా,” అన్నారు. “ఏడాదికి ఎంతమందో.”

అది నిజమే అయ్యుంటుంది. అందుకే మరీ మండింది. స్టెన్సిలు మిషనుకెక్కించి 0.27 కొట్టాను. ఇనప కలం తీసుకున్నాను. మైనం చిరక్కుండా కుడి మణికట్టుని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, రెండంకెల మీదా గీత గీశాను.