వీరుడి ముఖం మారిన ఆదివారం

ఆ రోజు నా భార్య పద్మ పొద్దున్నే లేచింది. బొరుగులతో ఉగ్గాణి చేసింది. మధ్యాహ్నం ఎడమ భుజం లాగుతోందంటే తైలం రాసినాను. సాయంత్రం టీవీలో సీరియల్ పెట్టుకుని కూర్చుంది. నేను టీ కలుపుకుని వచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. పిలిచినాను. పలకలేదు. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయినాను. డాక్టరు చూసి, "పెద్దవాళ్లు ఎవరైనా వచ్చినారా?" అని అడిగినాడు. నాకు యాభై దాటినాయి... నాకంటే పెద్దవాళ్లు ఎవరున్నారా అని వెనక్కి తిరిగి చూసినాను.

పద్మ మాసికం అయ్యిందో లేదో, కొనకనమిట్ల నుంచి మా అక్క ఫోన్ చేసింది.

"దర్శిలో ఒకామె ఉందిరా. టీచరు. నీకు సరిపోతది. వచ్చే ఆదివారం పోయి చూసొద్దాం."

మళ్లీ మాట్లాడతానని ఫోన్ పెట్టేసినాను. అప్పటినుంచి ఒక పాత ఆదివారం పదే పదే గుర్తొస్తోంది.

మా చిన్నప్పుడు... మార్కాపురంలో మా వీధికంతా ఒకటే టీవీ. బడిపిల్లల రాతి పలకలకు చెక్క చట్రాలు బిగించే ఖాసిం మామ ఇంట్లో. ఆదివారం పొద్దున వీరుడి సీరియల్ వచ్చేది. చాప మీద పిల్లలం, గడప దగ్గర ఆడవాళ్లు, కిటికీ బయట పలకల పనిలోంచి అట్లే వచ్చిన మగవాళ్లు... తలల మీద రాతిపొడి కూడా దులుపుకునేవాళ్లు కాదు.

ఆ వీరుడు ఎప్పుడూ ఊరికే వచ్చేవాడు కాదు. ముందు శంఖం. తర్వాత కాళ్లు, కాలి కడియం. తర్వాత కత్తి పిడి మీద చెయ్యి. గాలికి ఎగిరే ఉత్తరీయం. వెనకనుంచి వెలుగు. అన్నిటికంటే చివర ముఖం... అదీ మూడుసార్లు, ప్రతిసారీ ఇంకొంచెం దగ్గరగా. సినిమాలో వీరుడు ఒక్కసారే పరిచయమవుతాడు. టీవీలో పాపం ప్రతి ఆదివారం మళ్లీ పుట్టాల్సిందే.

ఇదంతా నేను కనిపెట్టింది కాదు. పద్మ చెప్పింది. మా మేనమామ కూతురు. మాది గోడకు గోడ ఇల్లు.

"ఆయనేం అంత పొడుగు కాదు బావా. కెమెరా నేల మీద పెట్టినారు" అంది ఒకరోజు.

నేను నమ్మలేదు. ఖాసిం మామ దుకాణం వెనక విరిగిన పలకల గుట్ట ఉండేది. నన్ను దాని మీదికి ఎక్కించి, తను కింద వెల్లకిలా పడుకుంది.

"అబ్బో! తల ఆకాశానికి తగులుతుంది. చెయ్యి నడుం మీద పెట్టు... అట్ల కాదు, కడుపునొప్పి వచ్చినోని మాదిరి ఉండావు."

సరిగ్గా పెట్టినాను.

"ఆ... ఇప్పుడు వీరుడివే. ఇంగ దిగు. దిగితే మళ్లీ నువ్వే."

ఆ ఆదివారం మామూలుగానే మొదలైంది. శంఖం మోగింది. కాళ్లు వచ్చినాయి... అదే కడియం. అదే కత్తి. అదే ఉత్తరీయం. వెలుగులోంచి ముఖం తిరిగింది.

వేరే మనిషి!

మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏందిది? ఎవురితను?" అని కిటికీ బయటనుంచి ఎవరో అరిచినారు. ఖాసిం మామకు మాత్రం అనుమానం లేదు.

"ఇంకో స్టేషన్ వచ్చి కలిసిందబ్బా! ఏంటెనా తిప్పండ్రా!"

నేనే మిద్దె ఎక్కినాను. కడ్డీని త్రిపురాంతకం దిక్కు తిప్పినాను. మళ్లీ గిద్దలూరు దిక్కు తిప్పినాను.

"వచ్చినాడా?" అని అరిచినాను.

"రాలా! వీడే ఉండాడు!"

"ఇప్పుడు?"

"బొమ్మ బాగుందిరా... మనిషే బాగలేడు!"

కింద నవ్వులు. కాసేపటికి పద్మ బయటికొచ్చి తలెత్తి చూసింది. తను నవ్వడం లేదు.

"తిప్పొద్దు బావా. దిగిరా. మనిషినే మార్చినారు."

వారం రోజులు వీధంతా అదే మాట. తర్వాత అలవాటు పడిపోయినాం. శంఖం అదే, కడియం అదే, గాలి అదే. కొన్ని ఆదివారాలకు కొత్తాయనకు కూడా ముందటాయనకు కొట్టినట్టే చప్పట్లు కొట్టినాం. నేనూ కొట్టినాను.

పద్మ కొట్టలేదు. "ముందటాయనకు ఏమైంది?" అని కనిపించిన ప్రతి ఒక్కరినీ అడిగేది. ఖాసిం మామను అడిగింది. బడిలో అయ్యవారిని అడిగింది. ఎవరికీ తెలియదు. "నీకెందుకే? కథ నడుస్తుంది గదా!" అని మా అత్త కసిరింది.

"కథ నడిస్తే... ఆయన సంగతి ఎవురూ అడగరా?" అంది పద్మ.

ఆయనకు ఏమైందో మాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు సీరియళ్లలో మనుషులు నెలకొకరు మారుతుంటారు. కింద 'ఈ పాత్రలో ఇకనుంచి ఫలానా' అని ఒక వరుస అక్షరాలు పోతాయి, అంతే. చూసేవాళ్లు అన్నం కలుపుతూనే ఉంటారు. ఉలిక్కిపడే అలవాటు కూడా పోయింది మనకు...

ఇవాళ అక్క మళ్లీ ఫోన్ చేసింది. "పద్మ కొత్త చీరలు ఎవురికీ ఇయ్యొద్దురా, పెట్టెలోనే ఉంచు. దర్శి ఆమెది కూడా అదే ఒడ్డూ పొడుగూ" అంది. చెడ్డ మనసుతో అనలేదు. నేను ఒంటరిగా ఉన్నానని భయం ఆమెకు. కానీ ఆ మాట వినగానే అదే కడియం, అదే ఉత్తరీయం గుర్తొచ్చినాయి. "నేనే వచ్చి మాట్లాడతా" అని పెట్టేసినాను.

ఇది చదివినవాళ్లు, మీ వీధిలో కూడా అట్లాంటి ఆదివారం ఏదైనా ఉంటే నాకు రాయండి. ముందటాయన సంగతి ఎవరైనా అడిగినారా... అదీ రాయండి.

దర్శిలో ఆమె ఎవరో నాకు తెలియదు. ఆమెను ఆశపెట్టి కూర్చోబెట్టడం తప్పు. రేపు పొద్దున మొదటి బస్సుకు కొనకనమిట్ల పోతాను. అక్క ఎదురుగా కూర్చుని, వద్దని చెప్తాను.